పేర్లు కనిపించని గోడ

జూలై 8

ఇక నుంచి పిల్లలు ఎవరి ఫోన్ వాళ్లు, ఎవరి ట్యాబ్ వాళ్లు క్లాసుకు తెచ్చుకోవాలట. ప్రిన్సిపాల్ మేడం సంతకంతో సర్క్యులర్ వచ్చింది. మొన్నటిదాకా సంచులు వెతికి మరీ ఫోన్లు లాక్కున్న మేమే ఇవాళ "చార్జింగ్ పెట్టుకుని రండి, మర్చిపోకండి" అని బతిమాలుతున్నాం. స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు "దొంగ చేతికి తాళాలిస్తున్నాం మేడం" అన్నారు. అందరితోపాటు నవ్వాను గానీ ఆ మాట నాకు నచ్చలేదు. ఇన్నేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. అడిగితే జవాబు చెప్పిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లంతట వాళ్లు ప్రశ్న అడిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నోరు విప్పలేని పిల్లలకు ఈ ఫోన్లే నోరవుతాయేమో చూద్దాం.

జూలై 12

తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. పిల్లలు ప్రశ్నను ఫోన్‌లో టైపు చేస్తే చాలు, ప్రొజెక్టర్ దాన్ని బోర్డు పక్కనున్న తెల్లగోడ మీద వేస్తుంది. పేరు పడదు. అప్పుడే దానికి 'గోడ' అని పేరు పెట్టేశారు.

"ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. నాక్కూడా," అని చెప్పాను.

"మీక్కూడానా మేడం? ఒట్టేనా?" అన్నాడు రేడియో. వాడి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. నోరు మూయడు కాబట్టి రేడియో.

"ఒట్టు," అన్నాను.

కాసేపు గోడ ఖాళీగా ఉంది. తర్వాత ఒకటి పడింది. 'ఆకు తెంపితే మొక్కకు నొప్పి పుడుతుందా?' క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. పాఠం పక్కన పెట్టి పీరియడంతా దాని గురించే మాట్లాడాను. ఎవరు అడిగారో తెలుసుకోవాలని మనసు ఎంత పీకిందో. ఇంటికొచ్చేదాకా ఒళ్లు తేలిగ్గా ఉంది.

జూలై 13

అక్కకు చెప్పాను. పైవాటాలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. ఏది చెప్పినా ముందు చన్నీళ్లు పోస్తుంది.

"పేరు లేకుండా మంచి రాసేవాళ్లు నూటికొకరుంటారే. మా ఆసుపత్రిలో సలహాల పెట్టె తెరిచి చూడు, తెలుస్తుంది."

"వాళ్లు పిల్లలక్కా."

"పిల్లలే పెద్దయి మా పెట్టెలో వేస్తారు."

జూలై 20

గోడ గురించి ట్రైనింగ్ పెట్టారు. ట్రైనింగ్ ఇచ్చే కుర్రాడు వేగంగా చెప్పుకుపోతూ మధ్యలో ఒక మాట అన్నాడు. టీచర్ ట్యాబ్‌లో ఏ ప్రశ్న మీదైనా వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే రాసినవాళ్ల పేరు కనిపిస్తుందట.

నాక్కూడా తెలియదని పిల్లలకు ఒట్టు పెట్టాను. తెలియక పెట్టాను, కాబట్టి అది అబద్ధం కాదు. నొక్కి చూడకపోతే ఎప్పటికీ అబద్ధం కాదు. నొక్కను. మాటంటే మాటే.

జూలై 29

ప్రిన్సిపాల్ మేడం గదికి పిలిచి కూర్చోబెట్టి మరీ కాఫీ ఇచ్చారు. ఈ బడిలో చేరాక ఇదే మొదటిసారి. సెప్టెంబరులో వేరే బళ్ల నుంచి టీచర్లు వస్తారట, వాళ్లకు డెమోగా నా క్లాసే చూపిస్తారట. "మీ గోడ మన బడికే పేరు తెస్తుంది," అన్నారు. 'మీ గోడ' అన్నారు.

ఆగస్టు 2

ఇవాళ ఇలా పడింది.

'మ్యూట్ రేపటి నుంచి రాకపోయినా ఈ క్లాసులో ఎవరికీ తెలియదు.'

మ్యూట్ అంటే కిటికీ పక్కన ఆఖరి బెంచీలో కూర్చునే అమ్మాయి. ఇళ్ల నుంచి ఆన్‌లైన్ క్లాసులు జరిగిన రోజుల్లో ఆమె మైకు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండేదని రేడియో ఆ పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. మూడేళ్లుగా నా క్లాసులో ఉంది, హాజరుకు చెయ్యెత్తడం తప్ప ఆమె గొంతు నేను విన్నట్టు గుర్తులేదు.

ఆమె తల వంచుకుంది. గబగబా దాన్ని చెరిపేశాను. అందరికన్నా ముందు లేచింది రేడియోనే. "ఎవర్రా అది? దమ్ముంటే పేరు పెట్టి రాయండి!" అని బెంచీ చరిచాడు. దొంగే ముందు దొంగా దొంగా అని అరుస్తాడు.

భోజనాల గంటలో చూస్తే ఆ అమ్మాయి చుట్టూ నలుగురైదుగురు ఆడపిల్లలు బాక్సులు తెరుచుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి ఆమె జడ సరిచేస్తోంది. ఎప్పుడూ ఒక్కతే తినే పిల్ల. చెడులోనూ ఒక మంచి జరిగిందనుకున్నాను.

ఆగస్టు 6

మళ్లీ. 'మ్యూట్ పక్కన కూర్చోవడం కన్నా గోడ పక్కన కూర్చోవడం నయం.'

ఆడపిల్లలు మళ్లీ ఆమె చుట్టూ చేరారు.

ఆగస్టు 9

మళ్లీ. అది ఇక్కడ రాయలేను.

అక్క అంది, "వేలు పెడితే పేరొస్తుందంటున్నావు. పెట్టి చూడవే."

"ఒట్టు పెట్టానక్కా."

"వార్డులో పేషెంటు మూలుగుతుంటే, ముట్టుకోనని మాటిచ్చానంటే మమ్మల్ని ఊరుకుంటారా?"

నా సమస్య అది కాదని చెప్పాను. ఎవరు రాస్తున్నారో నాకు తెలుసు. తెలిసినదాన్ని చూడ్డం ఎందుకు?

ఆగస్టు 13

ఒకమ్మాయి వాళ్ల నాన్న ప్రిన్సిపాల్ మేడంకు ఫోన్ చేశాడట, మీ బడి గోడ మీద బూతులు రాస్తున్నారటగా అని. బూతులు కావు. అయినా గోరంతని కొండంత చేయడం జనానికి కొత్తా? మేడం మొహం చూస్తే జూలైలో ఇచ్చిన కాఫీ తిరిగి అడిగేలా ఉన్నారు.

"ఎవరు రాస్తున్నారు?"

"రేడియో అని ఒకడున్నాడు మేడం."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు మేడం. ఆ అమ్మాయికి పేరు పెట్టిందే వాడు. ఇన్నేళ్ల సర్వీసు, ఆమాత్రం పోల్చుకోలేనా?"

అప్పుడు ట్యాబ్ నా ఒళ్లోనే ఉంది.

ఆగస్టు 14

రేడియోను, వాళ్లమ్మను పిలిపించారు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, ముంజేతుల మీద కాలిన మచ్చలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా వాడికి నోరెక్కువండీ, కాదనను. ఇంట్లో నన్నే అంటాడు. కానీ ఏదున్నా మొహం మీదే అంటాడు మేడం. పేరు దాచుకుని రాసే బుద్ధి లేదు వాడికి."

రేడియో నా వైపే చూస్తున్నాడు. "మ్యూట్ అని పేరు పెట్టింది నేనే మేడం. అది తప్పే. ఆ రాతలు మాత్రం నావి కావు. ఇదిగో ఫోను, తీసి చూస్కోండి." ఫోన్ బల్ల మీద పెట్టాడు. ప్రిన్సిపాల్ మేడం ముట్టుకోలేదు. "చెరిపేస్తే ఏం కనిపిస్తుంది," అన్నారు.

విచారణ అయ్యేదాకా ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో చదువుకోమని పంపించేశారు. వాళ్లమ్మ గుమ్మం దగ్గర నాకు దణ్ణం పెట్టింది. ఎందుకు పెట్టిందో.

ఇంకో మార్పు. ఇక మీదట ప్రతి ప్రశ్నా ముందు నా ట్యాబ్‌కే వస్తుంది. ఆకుపచ్చ గుర్తు నొక్కితే గోడ మీదికి, ఎర్ర గుర్తు నొక్కితే చెత్తబుట్టలోకి.

ఆగస్టు 16

క్లాసు ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా.

మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. "ఏంటమ్మా?" అన్నాను. తలుపు రెక్క పట్టుకుని బల్ల మీది నా ట్యాబ్ వైపు చూసింది. "ఏం లేదు మేడం," అని వెళ్లిపోయింది. లోపలికి పిలిచేదాన్నే. యూనిట్ టెస్టు పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను, అవి సాయంత్రానికి ఇచ్చేయాలి.

ఆగస్టు 20

నా ట్యాబ్‌కు ఒకటి వచ్చింది. 'రేడియో లేకపోయినా మ్యూట్ గురించి రాస్తున్నాను. అంటే రాసేది రేడియో కాదు కదా.'

ఎంత తెలివి! ఇంట్లో కూర్చుని తనను తానే విడిపించుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ మేడంకు చూపించాను. వాడి అకౌంట్ మూయించేశారు. ఇక చూద్దాం.

ఆగస్టు 21

'ఇప్పుడు కూడా నేనే. రేడియో కాదు.'

ఆగస్టు 22

వేలు పెట్టి చూశాను.

ఆగస్టు 23

ఆ అమ్మాయి పేరు. కళ్లు తుడుచుకుని మళ్లీ నొక్కాను. అదే పేరు. పాతవన్నీ తిరగేశాను. ఆగస్టు రెండున పడింది, ఆరున పడింది, నేను రాయలేకపోయింది, అన్నీ ఆమెవే. తన మీద తనే రాసుకుంది. మొక్కకు నొప్పి పుడుతుందా అని అడిగిందీ ఆమే.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, అదే నాకు సిగ్గుగా ఉంది. మొదటిది పడిన రోజే ఆడపిల్లలు బాక్సులతో వెళ్లి పక్కన కూర్చున్నారు కదా. ఆ కాస్త కోసం. ఎవరో ఒకరు 'కాదు, నువ్వు లేకపోతే మాకు తెలుస్తుంది' అనాలని. ఆ మాట నేనూ అనలేదు. చెరిపేశాను, అంతే.

పాపం, వాడి మీద పడుతుందని ఆమె అనుకుని ఉండదు. పడ్డాక గుమ్మం దాకా వచ్చింది. నేను పేపర్లు దిద్దుకున్నాను.

రేపే ప్రిన్సిపాల్ మేడంకు చెప్పేస్తాను.

ఆగస్టు 24

చెప్పలేదు. ఆలోచిస్తే అంత తేలిక కాదు. రేడియో రాయలేదని చెబితే, ఎవరు రాశారంటారు. ఆమె పేరు చెబితే రేపు బడంతా పాకుతుంది. ఆ పిల్ల తట్టుకోగలదా? సున్నితమైన పిల్ల. పైగా పేర్లు నాకు కనిపిస్తాయని క్లాసుకంతా తెలిసిపోతుంది, ఇక ఒక్కరైనా ఒక్క ప్రశ్నయినా అడుగుతారా? పెద్దవాళ్లం, అన్ని వైపులా చూడాలి. రేడియో గట్టివాడు, నాలుగు రోజులు ఇంట్లో ఉంటే అరిగిపోడు.

ఆగస్టు 26

రేడియో వాళ్లమ్మ ఫోన్ చేసింది. వెనకాల ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు.

"మేడం, వాడి అకౌంట్ పనిచేయట్లేదంట. పాఠాలన్నీ అందులోనే పెడతారంట కదా. పోనీ పుస్తకం పట్టుకోరా అంటే, పుస్తకంలోంచి చెప్పట్లేదమ్మా అంటున్నాడు. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. అరిచినా బాగుండును మేడం. మాట్లాడటం మానేశాడు."

రేడియో మాట్లాడటం మానేశాడు.

"కొంచెం ఓపిక పట్టండమ్మా," అన్నాను. "డెమో అయ్యాక నేనే మాట్లాడతాను."

"అదేంటో నాకు తెలీదు మేడం. మీరున్నారు, చాలు."

ఆగస్టు 28

అక్కకు మొత్తం చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"ఎవర్ని కాపాడుతున్నావే నువ్వు?"

"ఆ పిల్లనే అక్కా."

"ఆ పిల్లని విడిగా కూర్చోబెట్టి మాట్లాడావా?"

"ఇంకా లేదు."

"వాళ్లింట్లో ఎవరికైనా చెప్పావా?"

పప్పు గిన్నె అక్క వైపు జరిపాను.

"అయితే ఆ పిల్లని కాదు." చెయ్యి కడుక్కుని పైకి వెళ్లిపోయింది. ఆమెకేం, ఇంజెక్షన్ చేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతుంది. బడంటే అలా కాదు.

ఆగస్టు 30

ఆ అమ్మాయిని ముందు బెంచీలోకి మార్చాను. రోజూ పలకరిస్తున్నాను. తిన్నావా అమ్మా, ఇంట్లో అంతా బాగున్నారా, జ్వరమేమైనా ఉందా అని. ఇవాళ భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆమె తలెత్తి నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపుకు నేనే కళ్లు దించుకున్నాను, తేలు కుట్టిన దొంగలా.

సెప్టెంబరు 2

తెలిసిపోయింది, నాకు తెలుసని ఆమెకు తెలిసిపోయింది. లేదు, నా భ్రమ. ఎలా తెలుస్తుంది?

సెప్టెంబరు 4

డెమో బాగా జరిగింది. అందరూ మెచ్చుకున్నారు. తలనొప్పిగా ఉంది.

సెప్టెంబరు 5

నిన్న రాసింది చదువుకున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధమాడితే ఇక ఎక్కడ నిజం చెబుతాను?

వేరే బళ్ల టీచర్లు వెనక వరుసంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్ మేడం తలుపు దగ్గర నిలబడ్డారు. గుండె గురించి పాఠం. పిల్లలు ముందే అనుకున్నవి కొన్ని, అనుకోనివి కొన్ని ప్రశ్నలు పంపుతున్నారు, నేను ఆకుపచ్చ గుర్తు నొక్కుతున్నాను, గోడ నిండుతోంది. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆనందంగానే ఉంది. రేడియో సంగతి ఆ కాసేపూ గుర్తురాలేదు.

అప్పుడొచ్చింది. ఈసారి వేలు నొక్కి పట్టుకోవాల్సిన పని లేదు, పేరు ఆమే రాసుకుంది. తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. కింద ఇలా ఉంది.

'నా గురించి రాసినవన్నీ నేనే రాశాను. రేడియో ఒక్కటి కూడా రాయలేదు. వాణ్ణి రానివ్వండి. మేడంకు ఈ సంగతి తెలుసు.'

తలెత్తి చూశాను. ముందు బెంచీలో ఉంది కదా, నాకు రెండడుగుల దూరం. ఆమె నన్ను చూడటం లేదు. మెడ తిప్పి గోడనే చూస్తోంది, ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని. చేతులు రెండూ ఒళ్లో బిగబట్టుకుంది. అంత ధైర్యం ఎన్ని రోజులు కూడబెట్టుకుందో.

వేలు దానంతటదే పోయిందని రాసుకుందామని ఉంది. కాదు. ఒకసారి చదివాను. మళ్లీ చదివాను. ఆఖరి మాట దగ్గర ఆగాను. తలుపు దగ్గరున్న మేడంను చూశాను. ఎర్ర గుర్తు నొక్కాను.

గోడ మీద వేరే ప్రశ్న పడింది, ఏనుగు గుండె బరువెంత అని.

అప్పుడామె లేచి నిలబడింది. మూడేళ్లలో మొదటిసారి. క్లాసంతా అటు తిరిగింది. గొంతు సన్నగా ఉంది, కానీ స్పష్టంగా వినిపించింది.

"మేడం, నేను పంపింది గోడ మీదికి రాలేదు."

"నెట్ సరిగా లేదమ్మా," అన్నాను. "కూర్చో."

"వచ్చింది మేడం. మీ ట్యాబ్‌కి వచ్చింది."

"తర్వాత చూస్తానమ్మా. కూర్చో."

నవ్వుతూనే అన్నాను. ఆమె నన్ను చూసింది. అంతకుముందు నా మొహంలో ఏదో వెతికేది, నిన్న వెతకలేదు. కూర్చుంది.

క్లాసయ్యాక వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకుంది. "అంత మెతక పిల్ల కూడా లేచి అడిగిందంటే చూడండి, అదంతా మీ చలవే," అంది. నేను థాంక్స్ చెప్పాను. చెప్పాను, నా నోటితోనే.

నేను మంచి టీచర్నని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఏడుపొస్తోంది గానీ, ఏడిస్తే కొంచెం తేలికవుతుందేమోనని ఏడవటం లేదు.

సెప్టెంబరు 6

ఆ అమ్మాయి ఫోన్ తీసుకురాలేదు. "ఎందుకు తేలేదమ్మా?" అంటే, "ఇక అవసరం లేదు మేడం," అంది. మళ్లీ కిటికీ పక్కకు వెళ్లి కూర్చుంది. ఆడపిల్లలెవరూ వెళ్లలేదు. గోడ మీద తిట్లు ఆగిపోయాయి కదా, ఇక ఓదార్చాల్సింది ఏముందని వాళ్లు అనుకుని ఉంటారు.

అక్కను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమెతో ఎవరైనా ఒకరు ఉండేలా చూడమని వాళ్లమ్మకు చెప్పింది అక్కే. ఆసుపత్రిలో పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ ఉందని, తానే తీసుకెళ్తానని కూడా చెప్పింది. నేను పక్కన కూర్చుని మంచినీళ్లు తాగాను. ఆ అమ్మాయి లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

దిగేటప్పుడు మెట్ల మీద అక్క, "ఒకటి నేను చేశాను. రెండోది నువ్వే చెయ్యాలి," అంది.

సోమవారం మేడంకు చెబుతాను. ఈసారి తప్పదు.

సెప్టెంబరు 9

చెప్పాను. మొదటి గంట కొట్టక ముందే చెప్పాను. ప్రిన్సిపాల్ మేడం మొత్తం విని, లేచి తలుపు వేసి వచ్చారు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మా అక్కకు. ఇప్పుడు మీకు."

"ఇక్కడితో ఆపేయండి. డెమో చూసి మూడు బళ్లు అడుగుతున్నాయి. ఆ అబ్బాయి వాళ్లమ్మ టీసీ కావాలని మొన్ననే అప్లికేషన్ పెట్టింది, వేరే బళ్లో చేర్పిస్తుందట. అందరికీ మంచిదే కదా? ఇవాళ వస్తుంది, క్లాస్ టీచర్ మీరే, సంతకం పెట్టివ్వండి."

కాదనొచ్చు. కాదనాలనే వెళ్లాను. ఏమన్నానో గుర్తులేదు. ఏమీ అనలేదేమో.

పదకొండింటికి ఆమె వచ్చింది. ఒక్కతే. వాడేడని అడిగితే, గేటు బయటే నిలబడ్డాడండీ, లోపలికి రానన్నాడు అంది. టీసీ ముందు పెట్టుకుని అన్ని గళ్లూ నింపాను. పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి. నడవడిక అన్న చోట పెన్ను ఆగింది. 'చాలా మంచిది' అని రాశాను. ఇన్ని రోజుల్లో వాడి గురించి నేను చేసిన న్యాయం అది ఒక్కటే, అది కూడా వాడు వెళ్లిపోయే కాగితం మీద. సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె మెల్లగా చదువుతుంది. వేలు పెట్టి ఒక్కో గడీ చదువుతూ వచ్చి, అక్కడ ఆగింది.

"మేడం, నడవడిక చాలా మంచిదని రాశారు."

"అవునమ్మా."

"మీరే రాశారు కదా? ఊరికే అందరికీ రాసేదేనా, మా వాడి గురించేనా?"

"మీ వాడి గురించే."

ఆమె కాగితాన్ని చూసింది, నన్ను చూసింది. కోపం లేదు ఆ మొహంలో. నిజంగా అర్థంకాకే అడిగింది.

"మరి అంత మంచోణ్ణి ఎందుకు పంపించేస్తున్నారు మేడం?"

ఇంకా బెల్లు కొట్టలేదు. క్లాసుకు టైమైందని చెప్పి లేచి వచ్చేశాను.